కండకు లాగుడే తెలుసు

విడి ఘర్కుల్ నుంచి ఒక చెల్లె చీటీ రాసి పంపింది. వయసు 42 ఏండ్లు. పెండ్లయినప్పటి నుంచి బీడీలు చేస్తున్నదట. "అన్నా, పొద్దున లేవంగనే కుడిచేతి నడిమివేలు ముడుచుకొని ఉంటది. తెరుద్దామంటే రాదు. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కున తెరుచుకుంటది. వేలి ఎముక అరిగిపోయిందని వాడకట్టోళ్లు అంటున్నరు. అరిగిన ఎముక మళ్ల రాదు కద. ఇగ బీడీలు బంద్ పెట్టాల్నా? బంద్ పెడితే పిల్ల కాలేజీ ఫీజు ఎట్ల కట్టాలె?" ఇదీ చీటీ.

చెల్లె, నువ్వు రాసిన గుర్తులు చూస్తే ఇది ఎముక అరిగిన తీరుగ లేదు. ఎముక మీద పోయే తాడు తట్టుకుంటున్నది. డాక్టరు చూసి ఖాయం చెయ్యాలె. నేను డాక్టర్ను కాను. నాలుగో తరగతి దాక మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివిన, తరువాత 34 ఏండ్లు సాంచా ఖాతాలో నిలబడ్డ. భుజం పట్టేసినప్పుడు సర్కారు దవాఖానలో కసరత్తు నేర్పిన ఫిజియోథెరపీ అమ్మాయిని నేను అడగని ప్రశ్న లేదు. ఇంట్లో మనుమరాలి సైన్సు పుస్తకాలు ఉన్నయి. యంత్రం ఎట్ల నడుస్తదో తెలిసినోనికి ఒళ్లు ఎట్ల నడుస్తదో అర్థం చేసుకునుడు కష్టం కాదని నాకనిపిస్తది.

ముందు ఒక పని చేయండి, ఇది చదివేటోళ్లందరు. ఎడమచేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కొంచెం కింద కండ ఉన్నచోట, గట్టిగ పట్టుకోండి. ఇప్పుడు కుడిచేతి వేళ్లను బీడీ చుట్టినట్టు ఆడించండి. ఆడేది వేళ్లు, కదలిక తెలిసేది మాత్రం ముంజేతిలో. ఎందుకంటే వేళ్లలో కండ లేదు. ఎముకలు, చర్మం, కొంచెం కొవ్వు, రక్తం గొట్టాలు, నరాలు, తాళ్లు, అంతే. వేలును ముడిచే పెద్ద కండలు జానెడు దూరంలో ముంజేతిలో ఉంటయి. అక్కడి నుంచి తాళ్లు మణికట్టు దాటి, అరచేయి దాటి, వేళ్ల ఎముకలకు అంటుకుంటయి. అరచేతిలో చిన్నచిన్న కండలు ఉన్నయి, బొటనవేలి మొదట్లో లావుగ కనిపించేది కూడ కండనే. కాని గట్టిగ పట్టే బలం ముంజేతిది. సాయంత్రానికి వెయ్యి బీడీలు అయినంక వేళ్లకన్నా ముంజెయ్యి ఎందుకు గుంజుతదో ఇప్పుడు తెలిసిందా?

కోడిని కోసినప్పుడు పిల్లలు కాళ్లు తీసుకొని ఆడుకుంటరు. నరికినచోట తెల్లటి దారం లాంటిది బయటికి వస్తది. దాన్ని గుంజితే చచ్చిన కోడి కూడ వేళ్లు ముడుస్తది. దాంతోటి మేం ఆడపిల్లలను భయపెట్టేటోళ్లం. ఆ తెల్లదారమే నేను చెప్పే తాడు. తెలుగు సైన్సు పుస్తకంలో స్నాయుబంధనం అని ఉంటది. కండను ఎముకకు కట్టేది అది. ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. మనం మాత్రం అన్నింటినీ "నరం" అంటం. రక్తం పోయేదీ నరమే, తెలివి తెచ్చేదీ నరమే, ఈ తాడూ నరమే. దవాఖానకు పోయి "నరం పట్టింది సాబ్" అంటే ఏ నరమని డాక్టరు తల గోక్కుంటడు. ఎక్కడ నొప్పి, ఏ పని చేస్తే నొప్పి, ఏ యాళకు నొప్పి, ఈ మూడు చెప్పండి, పేరు ఆయన పెట్టుకుంటడు.

వేలు ముడిచినప్పుడు తాడు విల్లు తాడులెక్క ఎముకను విడిచి పైకి లేవకుండ, వేలి పొడుగునా ఎముకకు అంటుకొని చిన్నచిన్న రింగులు ఉంటయి. తాడు వాటిలోంచి దూరి పోతది. ఒక్కతీరు పట్టు ఏండ్ల తరబడి పడితే కొందరికి రింగు మందమయితది, తాడు మీద చిన్న బుడిపె లేస్తది. పడుగు పోగు మీద లావు ముడి పడితే పన్నె కాడ, మిల్లు భాషలో ఫణి కాడ, ఏమయితది? తట్టుకుంటది. జోరుగ గుంజితే ముడి దూరుతది, లేకుంటే పోగు తెగుతది. వేలు టక్కుమనేది ఆ ముడి దూరినప్పుడే.

దీనికి దారి ఉన్నది. మొదట్లో అయితే వేలికి కొన్ని వారాలు ఆరాం, రాత్రి పూట వేలు ముడుచుకోకుండ పట్టీ. తగ్గకుంటే రింగు కాడ ఒక సూది. దానికీ లొంగకుంటే వేలి మొదట్లో మాత్రమే మత్తు ఇచ్చి రింగును కోసి వదులు చేస్తరు, చిన్న ఆపరేషన్, అదే రోజు ఇంటికి పంపుతరు. షుగర్ ఉన్నోళ్లకు ఈ బాధ ఎక్కువ వస్తది, కాబట్టి రక్త పరీక్ష కూడ చేయించుకోవాలె. చెల్లె, ఆ కొన్ని వారాలు పని ఎట్ల నడుపుకోవాలెనంటే, వేలికి ఎక్కువ బిగువు పడేది కత్తెర కాడ. ఆకు కత్తిరించే పని ఇంట్లో వేరేవాళ్లు చెయ్యాలె. మగవాళ్లు తునికాకు కత్తిరిస్తే మీసాలు రాలవు.

వేళ్లు తిమ్మిరెక్కుతయి అని చెప్పేది వేరే సంగతి. మణికట్టు కాడ ఒక ఇరుకు సందు ఉంటది. అందులోంచి 9 తాళ్లు, 1 నరం పోతయి. ఇది నిజంగ నరమే, తెలివి తెచ్చేది. తాళ్ల చుట్టు పొర వాస్తే పాపం నరం నలుగుతది. రాత్రి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి లేపుతయి, చెయ్యి విదిలిస్తే కొంచెం నయమనిపిస్తది. చిటికెనవేలుకు ఆ తిమ్మిరి రాదు. చిటికెనవేలే తిమ్మిరెక్కుతున్నదంటే నలిగేది ఎక్కువసార్లు మోచేయి కాడ, వేరే నరం. ఏ వేలో చెప్తే డాక్టరుకు సగం పని అయిపోతది.

ఇగ కండ సంగతి. కండకు లాగుడు ఒక్కటే తెలుసు, తోసుడు రాదు. మీరు తలుపు తోస్తున్న అనుకున్నప్పుడు కూడ లోపల ఏదో కండ ఎముకను లాగుతనే ఉంటది. జబ్బ ముందరి కండ లాగితే మోచెయ్యి ముడుచుకుంటది. ముడిచిన చేతిని ఆ కండ మళ్ల చాపలేదు. జబ్బ వెనుక కండ లాగాలె. వెనుకది లాగుతుంటే ముందరిది సడలాలె.

సాదా సాంచా నడిపినోళ్లకు ఇది చెప్పే అక్కర లేదు. రెండు అచ్చులను పైన రోలరు మీదుగ పట్టీలతో కలుపుతం. కింద టాపెట్ ఒక అచ్చును కిందికి గుంజితే, పట్టీ తిరిగి రెండో అచ్చు పైకి లేస్తది. ఏ అచ్చునూ కింది నుంచి ఎవరూ తోయరు. మా తాత గుంట మగ్గం మీద కూడ అంతే, ఒక చెక్క తొక్కితే ఒకటి దిగుతది, ఒకటి ఎక్కుతది. ఒక దిక్కు పట్టీ బిగుసుకొని రెండో దిక్కు సాగిపోతే పడుగు నోరు సరిగ తెరవదు, నాడె ఎగిరి బయటపడుతది. అప్పుడు జాబర్ ఒక్క దిక్కే చూస్తడా? రెండు దిక్కులు చూస్తడు. మన ఒంట్లో ఇట్లాంటి జతలు నిండ ఉన్నయి. కండలు లెక్కబెడితే 600 దాటుతయి. పొట్టకూ నడుముకూ జత, తొడ ముందరికీ వెనుకకూ జత, పిక్కకూ మోకాలి కింద ముందరి కండకూ జత. సంక్రాంతికి సిద్ధేశ్వరుని యాత్రలో 7 నందిధ్వజాలు లేస్తయి కద, మోసేటోని చేతులను కాదు, నడుమును చూడండి. ముందు కండ, వెనుక కండ క్షణక్షణం ఒకదాన్నొకటి సరిచేసుకుంటయి. లేకుంటే ఆ కట్టె నిలబడదు.

కండ లోపల ఏం జరుగుతదో 1954 దాక సరిగ తెలియదు. ఆ ఏడు రెండు జట్ల శాస్త్రజ్ఞులు ఒకే పత్రిక, ఒకే సంచికలో చెప్పిన్రు. ఒక జట్టులో ఆండ్రూ హక్స్‌లీ, ఇంకో జట్టులో హ్యూ హక్స్‌లీ. ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. సోలాపూర్‌లో ఒక్క గల్లీలో ఒకే ఇంటిపేరోళ్లు పదిమంది ఉంటరు, అట్లనే. వాళ్లు చెప్పింది ఇది: కండలో సన్న పోగులు, లావు పోగులు ఒకదాని నడుమ ఒకటి పేర్చి ఉంటయి. కండ కుంచించుకుందంటే పోగులు పొట్టి కాలేదు, ఒకదాంట్లోకి ఒకటి జరిగినయి. లావు పోగుకు చిన్నచిన్న చేతుల లాంటివి ఉంటయి. బాయిలో చేదతాడును చెయ్యి మీద చెయ్యి వేసి లాగినట్టు అవి సన్న పోగును పట్టి లాగుతయి, విడుస్తయి, మళ్ల పడుతయి. విచిత్రం ఏందంటే పట్టు విడవడానికి కూడ తిన్న తిండి శక్తి కావాలె. మనిషి పోయినంక ఆ శక్తి అందదు, పట్టిన చేతులు విడవవు, కొన్ని గంటల్లో ఒళ్లు కట్టె అయితది. ఒకటి రెండు రోజులకు పోగులు చివికి మళ్ల సడలుతది. పెద్దలు ప్రాణం పోంగనే కాళ్లు చేతులు సాపుగ చేసి, దవడకు గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్లు కలిపి కట్టమనేది ఊరికే కాదు.

ఇంకొకటి. మోచేతిని ముడిచే కండ తాడు కీలుకు రెండు మూడు వేళ్ల దూరంలోనే ఎముకకు అంటుకుంటది. బరువేమో ఆ చివర అరచేతిలో ఉంటది. తూకం కట్టెతో లెక్క వేసుకోండి. చేతిలో 1 కిలో ఎత్తితే ఆ కండ 7, 8 కిలోల బిగువు పట్టాలె. 10 కిలోల నీళ్ల బకెట్ మోచెయ్యి ముడిచి ఎత్తితే ఎంతో చూసుకోండి. ఇంత నష్టం ఎందుకంటే, దీంతో వేగం వస్తది. కండ వేలెడంత జరిగితే చెయ్యి మూరెడు తిరుగుతది. సాంచా మీద పికింగ్ కట్టె కింద కొంచెం కదిలితే పై కొస ఎంత దూరం విసురుతదో అదే కత. కాబట్టి బరువును ఒంటికి దగ్గర పట్టుకొని ఎత్తమనేది. దూరం చాపి ఎత్తితే నడుము కండ మీద పడేది బరువు కాదు, బరువుకు ఎన్నో రెట్లు.

ఎముకల లెక్క పిల్లలకు బడిలో చెప్తరు, పెద్దోళ్లకు 206. పుట్టినప్పుడు 300 దాక ఉంటయి, పెరిగేకొద్ది అతుక్కుంటయి. రెండు చేతులు, రెండు పాదాలలోనే 106 ఉన్నయి. ఒంట్లోని ఎముకల్లో సగం మించి పని చేసే చోట్లనే పెట్టిండు దేవుడు. మెడలో 7. జిరాఫీ మెడలో కూడ 7, ఒక్కొక్కటి మూరకు తక్కువ పొడుగు, అంతే తేడా.

జంతువుల కాళ్ల గురించి మా మనుమరాలు ఒక మంచి ప్రశ్న అడిగింది. కోడికి, ఎద్దుకు వెనుక మోకాలు వెనుకకు ఎందుకు వంగుతది అని. అది మోకాలు కాదు, మడమ. కోడి మోకాలు ఈకల కింద పొట్టకు ఆని దాక్కొని ఉంటది. మనం ఇష్టంగ తినే లెగ్ పీసు దాని పిక్క. దాని కింద పొలుసుల కాలు మొదలయ్యే కీలు దాని చీలమండ. అంటే కోడి ఎప్పుడూ వేళ్ల మీదనే నడుస్తది, మడమ నేలకు ఆనదు. కుక్క, పిల్లి అంతే. ఎద్దు ఇంకొంచెం ముందుకు పోయింది, రెండు వేళ్ల కొసల మీద నిలబడతది, గిట్ట అంటే గోరు. గుర్రం ఒక్క వేలి గోరు మీద పరుగెత్తుతది. ఎద్దు ముంగాలి "మోకాలు" మన మణికట్టు. ఎద్దుకు ముంగాళ్లను మొండానికి కట్టే ఎముక కీలు అసలే లేదు, మనకున్న మెడ ఎముక దానికి లేదు. ముందు భాగం బరువంతా కండల ఊయలలో వేలాడుతది. పరుగుకు అది మంచిది. కాని మనలాగ చెయ్యి పక్కకు చాపి పైన అటక మీది డబ్బా అందుకోవాలంటే మెడ ఎముక కావాలె. మన భుజం ఎన్ని దిక్కులైనా తిరుగుతది, అందుకే తొందరగ చెడుతది కూడ. తుంటి కీలు లోతు గిన్నెలో గుండు, భుజం కీలు చిన్న సాసరు మీద గుండు. ఆ గుండును జారకుండ పట్టుకునేది చుట్టూ ఉన్న కండలే.

ఇగ మోకాలు. నాకు వచ్చే చీటీలలో సగం మోకాలివే. సాపు నేల మీద నడిస్తే మోకాలి కీలు మీద పడే బిగువు ఒంటి బరువుకు దాదాపు రెండున్నర ఇంతలు, మెట్లు దిగితే మూడింతలు దాటుతది. పాతికేండ్లు నిలబడి నాలుగు సాంచాలు చూసినోని మోకాలికి ఎంత పడి ఉంటదో. ఎముక కొసల మీద నున్నగ తెల్లగ మెత్తటి పొర ఉంటది. మేక కాలు కొట్టించినప్పుడు చూసి ఉంటరు, గాజులెక్క మెరుస్తది. దానికి రక్తం గొట్టాలు లేవు. మరి తిండి ఎట్ల అందుతది? కీలులో కొంచెం చిక్కటి నీరు ఉంటది, మంచి మోకాలిలో కూడ చెంచాడు నిండదు. కాలు మీద బరువు పడితే ఆ పొర స్పంజులెక్క నలుగుతది, బరువు తీస్తే నీరు పీల్చుకుంటది. ఆ నీటితోనే దాని తిండి. సాంచాకు ఆయిల్‌మన్ వచ్చి నూనె పోస్తడు, సాంచా ఆపి ఉన్నా పోయొచ్చు. కీలుకు అట్ల కాదు. కదిలితేనే నూనె.

మన వాడకట్టులో జరిగేది దీనికి తలకిందులు. మిల్లు మూతపడింది, మనిషి కట్టె మీద కూర్చున్నడు. మోకాలు నొచ్చింది, నడక తగ్గించిండు. నడక తగ్గితే తొడ కండ సన్నబడ్డది. మోకాలి చిప్పను పట్టుకునేది తొడ ముందరి కండ తాడే, అది సన్నబడితే దెబ్బంతా కీలు మీద పడుతది. నొప్పి పెరిగింది, ఇంకా తగ్గించిండు. రెండేండ్లకు మెట్లు దిగుడు బంద్, నాలుగేండ్లకు గుమ్మం దాటుడు బంద్. నేను ఇట్ల పోయినోళ్లను వేళ్ల మీద లెక్కబెట్టలేను. చెయ్యి విరిగి ఆరు వారాలు ప్లాస్టర్‌లో ఉంచి తీస్తే ఎంత సన్నగ వస్తదో చూసిన్రు కద. ఎముక కూడ అంతే, బరువు మోయకుంటే పలచబడుతది. అంతరిక్షంలో బరువు తెలియదు, అక్కడ ఉన్నోళ్లకు తుంటి ఎముక నెలకు నూటికి 1 నుంచి 1.5 వంతు దాక తగ్గుతదట. సునీతా విలియమ్స్ 286 రోజులుండి 2025 మార్చిలో దిగినప్పుడు స్ట్రెచర్ మీద తీసుకుపోయిన్రు, టీవీలో అందరం చూసినం. రోజుకు రెండు గంటలు కసరత్తు చేసినా ఆ సంగతి. మనం కట్టె మీద కూర్చొని టీవీ చూస్తే?

నొప్పులకు పేరు లేని పొడి పొట్లాలు, మాత్రలు అమ్మేటోళ్లు మన గల్లీలకు వస్తనే ఉంటరు. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి పెరుగుతది, ముఖం నిండుగ కనిపిస్తది. ఇట్లాంటి పొట్లాల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మినవి పట్టుబడ్డయి. డాక్టరు లెక్కతో కొన్నాళ్లు ఇస్తే అది మందు. లెక్క లేకుండ నెలల తరబడి తింటే ఎముకను పలచబరుస్తది, షుగర్ పెంచుతది. ఒక్కసారి బంద్ పెట్టినా ప్రమాదమే, అందుకే ఇప్పటికే తింటున్నోళ్లు పొట్లం పట్టుకొని పోయి డాక్టరుకు చూపియ్యండి. దాచిపెట్టకండి.

మనం చేయగలిగింది జాబర్ చేసేదే, వదిలేసిన దిక్కును చూసుకునుడు. బీడీ చేసే చెయ్యి రోజంతా ముడిచే పని చేస్తది, తెరిచే కండకు పని లేదు. వేళ్లు అయిదింటి చుట్టు రబ్బరు బ్యాండు వేసి మెల్లగ తెరవండి, మూయండి, పదిసార్లు. టక్కుమనే వేలు ఉన్నోళ్లు ముందు డాక్టరును అడిగి చేయండి. చాట ఒడిలో పెట్టుకొని మెడ వంచేటోళ్లు అరగంటకొకసారి లేచి, రెండు చేతులు నడుము మీద పెట్టి ఛాతీ చాపండి. సాంచా మీదికి వంగేటోళ్లకూ అదే. మోకాలి నొప్పోళ్లు కుర్చీలో కూర్చొని ఒక కాలు ముందుకు సాపుగ చాపి, తొడ బిగించి, పది లెక్కబెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, పొద్దున సాయంత్రం. నొప్పి సూదిలెక్క పొడిస్తే ఆపండి, కండ అలసినట్టుంటే ఆపకండి. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన లెక్క ప్రకారం తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతది. వారం చేసి "ఏం కాలేదు" అనేటోళ్లు నాకు చీటీ రాయొద్దు.

కొన్నిటికి కసరత్తు కాదు, దవాఖాననే. కీలు వాచి ఎర్రబడి వేడిగ ఉండి జ్వరం కూడ వస్తే అదే రోజు పోవాలె. పడ్డంక కాలు మీద బరువు వేయలేకపోతే, ముసలోళ్లకు తుంటి ఎముక విరిగి ఉండొచ్చు, కట్టు కట్టేటోని కాడికి కాదు, ఎక్స్‌రే కాడికి తీసుకుపోండి. గట్టిగ కట్టు కట్టినంక వేళ్లు నల్లబడినా, చల్లబడినా, స్పర్శ పోయినా ఆ కట్టును వెంటనే వదులు చేయండి, తెల్లారనియ్యొద్దు. నడుము నొప్పితో కాళ్లలో బలం తగ్గి, కూర్చునే చోట మొద్దుబారి, ఒంటికి పోయేది తెలియకుంటే రాత్రి రెండు గంటలైనా రిక్షా పిలవండి.